పటంలో లేని దీవి

సదస్సు మూడు రోజులు. రెండు రోజులూ ఒక పూటా అయిపోయాయి. హాలు గోడ మీద గడియారం రెండున్నర చూపిస్తోంది. నాలుగింటికి వేదిక మీద ఒక ప్రకటన వెలువడుతుంది. దాన్ని ఆపడానికి టైలరమ్మకు మిగిలింది గంటన్నర. ఒళ్ళో ఒక కాగితాల కట్ట ఉంది. పక్క కుర్చీలో పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తూ ఆడపడుచు ఉంది.

ఆ కట్ట సంగతి పాఠకులు మరిచిపోయి ఉండరు. అయినా ఒకసారి తిరగేద్దాం.

టైలరమ్మ భర్త లెక్కల మాస్టారు. చూపు లేని పిల్లల కోసం ఆయన ‘చెవిపలక’ అనే సాఫ్ట్‌వేర్ తయారు చేశాడు. అది పాఠ్యపుస్తకాన్ని పైకి చదువుతుంది. బొమ్మ వచ్చిన చోట ఆగి, ఆ బొమ్మలో ఏముందో చెబుతుంది. మాస్టారు దాన్ని ఓపెన్ సోర్స్‌గా వదిలాడు. అంటే చొక్కాని తిరగేసి వేలాడదీసినట్టు, లోపలి కుట్లన్నీ బయటికే కనిపిస్తాయి. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగు చేయొచ్చు. చెయ్యి పెట్టినవాళ్ళ పేరు, తేదీ, చేసిన పని మాత్రం చిట్టాలో పడిపోతాయి.

పదకొండు నెలల కిందట, తరగతి గదిలో, సుద్దముక్క చేతిలో ఉండగానే మాస్టారి గుండె ఆగిపోయింది. చిట్టా ఆగలేదు. ఆయన పేరు మీదే రెండు వందల పన్నెండు బొమ్మలకు కొత్త వర్ణనలు పడ్డాయి. ఐదు వారాల కిందట, మళ్ళీ ఆయన పేరు మీదే, చెవిపలక హక్కులు ఒక పెద్ద పాఠ్యపుస్తకాల కంపెనీకి మారిపోయాయి. నాలుగింటికి ఆ కంపెనీ ఈ సంగతి లోకానికి చాటి సంతకం పెడుతుంది, అంతటితో మార్పు ఖాయమైపోతుంది. పాత ప్రతి ఎవరి దగ్గరున్నది వాళ్ళకే ఉంటుంది కానీ, ఇకమీదట కొత్త పాఠాలూ కొత్త దిద్దుబాట్లూ వాళ్ళ అనుమతి ఉన్న బడులకే తెరుచుకుంటాయి.

పోయిన మనిషి లేచొచ్చి హక్కులు రాసివ్వడు. ఎవరో ఆయన పేరు తొడుక్కుని తిరుగుతున్నారు.

చిట్టా మొత్తం అచ్చువేసి ఇమ్మని టైలరమ్మ వారం రోజులు ఆడపడుచు ప్రాణం తీసింది. మొన్న సదస్సుకు బస్సులో వస్తూ ఆ రెండు వందల పన్నెండు వర్ణనలూ చదివింది. కంప్యూటర్ గురించి ఆమెకేమీ తెలియదు. గుడ్డకు సరిపడే దారం వెతకడమే ఇరవై ఏళ్ళుగా ఆమె పని. అందుకే ఆమె కంటికి ఒక్కటే ఆనింది. అన్ని వర్ణనల్లో ఒక్క రంగు కూడా లేదు. చిలుక ముక్కు వంపు ఉంది, పచ్చదనం లేదు. గుమ్మడికాయ మీద గాడులు ఎన్ని ఉన్నాయో ఉంది, పసుపు లేదు. మాస్టారు రాసిన పాత వర్ణనలు రంగుల్లో మునిగి తేలేవి. రాసేవాడికి రంగంటే తెలియదని, అంటే చూపే లేదని ఆమె తేల్చింది.

ఆడపడుచు కొట్టిపారేసింది.

“చూపు లేనివాడు బొమ్మల్ని ఎలా వర్ణిస్తాడు వదినా? సూదిలోకి దారం ఎక్కించడానికి కళ్ళజోడు ఇల్లంతా వెతుక్కునే నువ్వు చెప్పాల్సిన మాటేనా ఇది?”

మొన్న ఆ ప్రశ్నకు టైలరమ్మ దగ్గర జవాబు లేదు. ఇవాళ రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలకు దొరికింది.

*

హాల్లో మూడు వందల మంది ఉన్నారు. గోడ పొడవునా ప్లగ్గు బోర్డులు, వాటికి వేలాడే చార్జర్లు, చార్జర్లకు కాపలా కాస్తున్న మనుషులు. డిజిటల్ మాధ్యమాలు, చదువులు, ఓపెన్ సోర్స్ అని వేదిక వెనక పెద్ద బ్యానరు. పొద్దున ఒకాయన పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకూడదని గంటసేపు చెప్పాడు. ఆ గంటలో హాలు మొత్తం ఫోన్లోనే ఉంది. మెడలో కార్డు వేసుకోని మనిషి లేడు. టైలరమ్మ కార్డు మీద పేరు కింద ‘కుట్టు మిషను’ అని ఉంది. నమోదు కాగితంలో ‘సంస్థ’ అన్న గడి దగ్గర ఆమెకు ఏం రాయాలో తోచలేదు మరి. మొన్నటి నుంచి ఇద్దరు ముగ్గురు ఆ కార్డు చూసి, అది ఏ కొత్త సాఫ్ట్‌వేరో అని ఆమెను వివరాలు అడిగారు.

రెండున్నరకు కంపెనీ మనిషి వేదికెక్కాడు. నిన్నటి నుంచి ఆడపడుచు అతన్ని కోటాయన అంటోంది. ఏసీ పనిచేయని హాల్లో కూడా కోటు విప్పని మనిషి. ప్రకటన నాలుగింటికేననీ, ఈలోగా చెవిపలక పనితనం ఒక పాఠంతో వినిపిస్తాననీ అన్నాడు. ఏడో తరగతి సాంఘికం, సముద్రాల పాఠం. స్పీకర్లలోంచి కంప్యూటర్ గొంతు నిదానంగా చదువుతూ పోయింది. పటం వచ్చింది. గొంతు ఆగింది.

తీరం గీత ఎక్కడ లోపలికి వంగుతుందో, ఎక్కడ బయటికి పొడుచుకొస్తుందో చెప్పింది. ఆ తర్వాత ఈ మాట చెప్పింది: “దక్షిణాన, తీరానికి దూరంగా, బఠాణీ గింజంత గుండ్రని దీవి ఒకటి ఉంది. అందులో మనుషులు ఉండరు.”

మూడో వరసలో ఒక సాంఘికం టీచరు లేచాడు. ముప్పై ఏళ్ళుగా అదే పటం చెబుతున్నాననీ, ఆ దీవి తన కంట పడలేదనీ, దాని పేరు చెబితే రేపట్నుంచి పరీక్షలో ప్రశ్న ఇస్తాననీ అన్నాడు.

హాలంతా నవ్వింది. కోటాయన కూడా నవ్వి, ఉచితంగా పనిచేసేవాళ్ళ పని ఇలాగే ఉంటుందనీ, అందుకే ఇది పద్ధతి తెలిసిన సంస్థ చేతికి రావడం అవసరమనీ చెప్పుకొచ్చాడు.

ఇద్దరు మాత్రం నవ్వలేదు.

ఒకరు టైలరమ్మ. ఆ దీవి ఆమెదే.

రెండో మనిషి హాలు వెనక, గాజు గదిలో ఉన్నాడు. నవ్వు లేచిన క్షణంలోనే స్పీకర్లు కీచుమన్నాయి. మైకులు చూసే మనిషి చెయ్యి జారింది. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా జారని చెయ్యి అది. టైలరమ్మ వెనక్కి తిరిగి చూసింది. గాజు వెనక నల్ల కళ్ళద్దాల మనిషి తల వంచుకుని ఉన్నాడు. అతని ముఖం వేదిక వైపు లేదు. వేళ్ళు మాత్రం బల్ల అంచుని తడుముతున్నాయి, ఏదో పారేసుకున్నట్టు.

రెండేళ్ళ కిందటి మధ్యాహ్నం ఆమెకు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. భోజనాల బల్ల మీద మందపాటి అట్టలు పరిచి, బొమ్మల గీతల మీదుగా గోందు రాసి, దాని మీద దారం అంటించేది. పిల్లలు వేలితో తడిమి బొమ్మ తెలుసుకోవడానికి. మొత్తం రెండు వందల యాభై అట్టలు. మూడేళ్ళ పని. ఉన్నది ఒకటే ప్రతి. సముద్రాల పటం రోజున గోందు సీసా మూతి లోంచి ఒక చుక్క సముద్రంలో పడింది. ఆమె గోకేయబోతే మాస్టారు ఆపాడు. ఉండనీ, ఎవరైనా అడిగితే మా ఆవిడ దీవి అని చెబుతాను అన్నాడు. ఆ చుక్క ఎండి బఠాణీ గింజంత అయింది.

ఆయన పోయాక అట్టలు ఇంట్లో కనిపించలేదు. బడికి ఇచ్చాడనుకుంది. బడివాళ్ళు తమకు రాలేదన్నారు.

అంటే బొమ్మల్ని వర్ణిస్తున్న మనిషి చూసి రాయడం లేదు. ఆమె దారం మీద వేలు పెట్టి రాస్తున్నాడు.

ఆమె ఈ సంగతి చెవిలో చెప్పగానే ఆడపడుచు బిళ్ళ చప్పరించడం ఆపింది. మైకులు సర్దుకునే మనిషికి హక్కులు మార్చేంత తెలివి ఎక్కడిదని అంది. ఇప్పుడు వెళ్ళి గొడవ పెట్టుకుంటే నలుగురిలో నవ్వులపాలవుతామంది. చివరికి చెయ్యి పట్టుకుంది.

“పోనీ వదినా. అన్నయ్య ఉంటే ఇంత రాద్ధాంతం చేయనిచ్చేవాడా? ఇంటికెళ్ళిపోదాం.”

వేళాకోళం లేకుండా ఆడపడుచు ఒక మాట అనడం టైలరమ్మ ఈ మధ్య వినలేదు. అది వింతగానే తోచింది. ఆలోచించే తీరిక లేదు.

*

మూడు ఇరవైకి టీ విరామం ఇచ్చారు. జనం బయటికి, టైలరమ్మ వెనక్కి. గాజు గదికి ఆరు ఇనుప మెట్లు. ఎక్కుతూనే మాటలు కూడగట్టుకుంది. ఎవరు నువ్వు, నా మొగుడి పేరుతో నీకేం పని, ఆయన చెమట ఎవరికి రాసిచ్చావు. మూడు మాటలూ నాలుక మీద పదునుగా ఉన్నాయి. తలుపు తోసింది.

అతను తల తిప్పలేదు. గాలి పీల్చాడు.

“రండమ్మా. మిషను నూనె వాసన. మాస్టారి చొక్కాకి కూడా ఉండేది.”

మూడు మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు.

చిన్న గది. బల్ల నిండా మీటలు, తీగలు, చిన్న చిన్న ఎర్ర దీపాలు. మూలన పాత కంప్యూటర్. గోడకు ఆనించి పొడవాటి చెక్క బీరువా. అతనికి యాభై ఏళ్ళుంటాయి. ఈ హాల్లో అందరికీ మైకాయనే. పుట్టుకతోనే చూపు లేదని తనే చెప్పాడు, వయసు చెప్పినంత మామూలుగా. లేచి బీరువా తెరిచాడు. అరల నిండా ఆమె అట్టలు. ఒక్కొక్కదానికీ మధ్యలో మెత్తటి గుడ్డ వేసి ఉంది, దారాలు ఒరుసుకోకుండా.

టైలరమ్మ కుర్చీలో కూలబడింది. అయినా కోపాన్ని వదలలేదు. కష్టపడి తెచ్చుకున్న కోపం అది.

“ఆయన పేరు వాడుకోమని మీకెవరు చెప్పారు?”

ఎవరూ చెప్పలేదన్నాడు. తర్వాత నిదానంగా మొత్తం చెప్పాడు.

ఆరేళ్ళ కిందట మాస్టారు ఈ మెట్లెక్కి వచ్చి, పాఠాలు చదివి రికార్డు చేసుకోవడానికి చప్పుడు లేని గది కావాలన్నాడట. ఇంట్లో ఏమైందని మైకాయన అడిగితే, ఇంట్లో మిషను ఉంది, దాని వెనక మా ఆవిడ ఉంది, ఇద్దర్నీ ఆపడం నా వల్ల కాదు అన్నాడట. మొదటిరోజే పేచీ వచ్చింది. మాస్టారు ప్రతి బొమ్మ దగ్గరా ‘ఇక్కడ చూడండి’ అంటున్నాడు. ఎక్కడ చూడాలండీ అని మైకాయన అడిగాడు. ఆ రోజు నుంచి మాస్టారి పాఠాల్లో ‘చూడండి’ పోయింది. వారానికి రెండు సాయంత్రాలు వచ్చేవాడు. మాట్లాడే కంప్యూటర్ మీద టైపు చేయడం నేర్పాడు. ఇంట్లో అట్టలకు చెద పడుతోందని ఒక్కొక్కటే తెచ్చి ఇక్కడ పెట్టాడు.

“ఆయన పోయారని నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. సముద్రాల పాఠం సగంలో ఉంది. ఆ పేజీ ఒక్కటీ పూర్తి చేద్దామనుకున్నాను. పేజీ అయ్యాక పాఠం మిగిలింది. పాఠం అయ్యాక పుస్తకం మిగిలింది.”

“మీ పేరు పెట్టుకోవచ్చుగా.”

మైకాయన ఒక మీటను పైకీ కిందికీ జరిపాడు.

“చెవిపలక తెరవగానే ఏం చెబుతుందో మీకు తెలుసా అమ్మా?”

ఆమెకు తెలియదు. ఆమె ఎప్పుడూ చెవిపలక తెరవలేదు. కళ్ళున్నవాళ్ళకు దానితో పని లేదు.

“‘మాస్టారు దీన్ని చివరిసారి దిద్దిన తేదీ’ అని చెప్పి, ఆ తేదీ చదువుతుంది. పిల్లలు పొద్దున్నే మొదట వినేది అదే. నా పేరు మీద రాస్తే నా తేదీ వేరే పడుతుంది. ఆయన తేదీ అక్కడే ఆగిపోతుంది. రోజూ పిల్లలు ఆ ఆగిపోయిన తేదీ వినాలి. అది నాకు చేతకాలేదు.”

కింద టీ కప్పుల చప్పుడు. టైలరమ్మ గాజులోంచి ఖాళీ కుర్చీల వైపు చూస్తూ కూర్చుంది. పదకొండు నెలలుగా ఆమె ఇంట్లో క్యాలెండరు కాగితం తిప్పలేదు. ఎవరో ఒక మనిషి ఇక్కడ కూర్చుని ఆమె భర్త తేదీని రోజూ ఒక్కొక్క రోజు ముందుకు జరుపుతున్నాడు.

కోపం ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియలేదు.

మైకాయన గొంతు తగ్గించాడు. “ఒక మాట అడగనా? ఆ దీవి నిజంగా లేదా?”

ఆమె లేచి బీరువాలోంచి సముద్రాల పటం తీసింది. అతని చూపుడువేలు పట్టుకుని దక్షిణాన పెట్టింది.

“ఇది నా గోందు చుక్క అన్నయ్యగారూ.”

మైకాయన వేలు ఆ చుక్క చుట్టూ ఒకసారి తిరిగింది. ముఖంలో సిగ్గు, దాని వెనకే నవ్వు.

“ఎవరుంటారు అందులో అని ఒక పిల్ల అడిగితే, మనుషులు ఉండరని కూడా చేర్చానమ్మా.”

“ఉంటే అంటుకుపోయేవాళ్ళు,” అంది టైలరమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వు ఆమెకే వినిపించింది.

రంగుల మాట అడిగింది. తనకు తెలియనిది పిల్లలకు చెప్పకూడదని వదిలేశాననీ, కళ్ళున్నవాళ్ళెవరైనా వచ్చి నింపుతారని ప్రతి వర్ణనలోనూ చోటు మాత్రం ఉంచాననీ అన్నాడు. ఆ చోటు తాను నింపుతానని టైలరమ్మ అంది. చిలకపచ్చ వేరు, ఆకుపచ్చ వేరు, ఆ తేడా తెలియని కళ్ళు కళ్ళే కావని కూడా అంది. బేరం కుదిరినట్టే.

గోడ మీద గడియారం మూడు నలభై ఆరు.

అప్పుడు ఆమె అసలు ప్రశ్న అడిగింది. ఇంతకుముందు అయితే అరిచి ఉండేది. ఇప్పుడు మెల్లగా అడిగింది. ఐదు వారాల కిందట హక్కులు కంపెనీకి ఎందుకు మార్చారు?

మైకాయన చేతులు బల్ల మీద కదలకుండా ఉండిపోయాయి.

“అది నేను కాదమ్మా.”

కట్టలో చివరి కాగితం తీసి చదవమన్నాడు. మాస్టారు అతనికి ఒక నియమం నేర్పాడు. ఏ మార్పు చేసినా, ఎందుకు చేశామో ఒక్క ముక్క పక్కన రాయాలి. బొమ్మ స్పష్టంగా లేదు కాబట్టి. మాట కష్టంగా ఉంది కాబట్టి. రెండు వందల పన్నెండు మార్పుల పక్కనా ఒక ‘కాబట్టి’ ఉంది. హక్కుల మార్పు పక్కన ఖాళీ. టైలరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. నిజమే. మార్చినవాళ్ళకు కారణం తెలియదు, లేదా చెప్పడం ఇష్టం లేదు.

“మాస్టారి పేరు మీద మార్పులు చేసే తాళం ఈ కంప్యూటర్లోనే ఉంది. ఇంకెక్కడా లేదు. మార్పు జరిగింది మంగళవారం మధ్యాహ్నం. నేను భోజనం చేసి వచ్చేసరికి గదిలో ఎవరో ఉన్నారు. ఎవరని అడిగితే, గది తప్పానండీ అని వెళ్ళిపోయింది. ఆడమనిషి. కుర్చీ వెచ్చగా ఉంది. ఆ గొంతు మళ్ళీ వింటే పోల్చుకుంటాను.” ఆగి, ఇంకొకటి గుర్తొచ్చినట్టు అన్నాడు. “గదంతా పిప్పరమెంటు వాసన.”

టైలరమ్మ చివరి కాగితాన్ని కట్టలో పెట్టేసింది.

సదస్సు మొదటిరోజు, నమోదు బల్ల మీది గాజు గిన్నెలోంచి గుప్పెడు బిళ్ళలు సంచిలో వేసుకున్న చెయ్యి ఆమెకు కనిపిస్తోంది. చిట్టా అచ్చువేసి ఇవ్వడానికి వారం రోజులు తిప్పించిన చెయ్యి. ఇందాక తన మణికట్టు పట్టుకుని, ఇంటికెళ్ళిపోదాం అన్న చెయ్యి.

ఇనుప మెట్ల మీద అడుగుల చప్పుడు. మైకాయన పెదవులు కదిలాయి. నాలుగు, అయిదు, ఆరు.

తలుపు తెరుచుకుంది.

“ఎంతసేపు వదినా? టీ రెండుసార్లు చల్లారింది.”

మైకాయన ముఖం ఆ గొంతు వైపు తిరిగింది. చెయ్యి మీట మీద అలాగే ఆగిపోయింది. అతను చెప్పాల్సిన పని లేకపోయింది.

*

కింద హాలు నిండుతోంది. అందరూ కూర్చోవాలని ఎవరో మైకులో చెబుతున్నారు. మూడు యాభై రెండు.

“తలుపు వేసి ఇలా రా బుల్లీ,” అంది టైలరమ్మ.

ఆడపడుచు తలుపు వేసింది. తెరిచి ఉన్న బీరువాని చూసింది, అట్టల్ని చూసింది, నల్ల కళ్ళద్దాల మనిషిని చూసింది. నోట్లో బిళ్ళను కరకర నమిలి మింగేసింది.

“నేనే మార్చాను.”

ఎందుకని టైలరమ్మ అడగలేదు. పదిహేనేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నారు. ఈ పిల్ల తనకు తెలియకుండా ఒక గుండీ కూడా కుట్టించుకోదు. ఎదురుచూసింది.

“మార్చమన్నది అన్నయ్య. ఆస్పత్రిలో గుండె పరీక్ష చేయించుకున్నాడే, ఆ వారమే చెప్పాడు. తనకేమైనా అయితే పది నెలలు ఆగమన్నాడు. ఆ తర్వాత ఈ గదికొచ్చి, ఈ కంప్యూటర్లోంచి, ఆ కంపెనీ పేరున మార్చేయమన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. ఎందుకన్నయ్యా అని అడిగితే, మెట్టు మెట్టుకీ ఎందుకు అంటావనే నువ్వు లెక్కల్లో తప్పావు అన్నాడు.” సంచి తాడు వేలికి చుట్టుకుంది. “నేను తప్పింది ఒక్కసారే వదినా. చచ్చేదాకా దెప్పాడు.”

పరీక్ష సంగతి టైలరమ్మకు తెలుసు. ఫలితం మామూలే అని భర్త చెప్పిన సంగతి కూడా గుర్తుంది. దాని గురించి ఇప్పుడు ఆలోచించదలుచుకోలేదు.

“నేనెలా నమ్మాలి?”

ఆడపడుచు సంచిలో అడుగు దాకా చెయ్యి పెట్టింది. బిళ్ళల కింద నుంచి ఒక మందపాటి కవరు తీసింది. పైన ‘మా టైలరమ్మకు’ అని ఉంది. ప్రకటన అయిపోయాకే ఇవ్వమన్నాడనీ, ఇంకా కాలేదు కాబట్టి మాట తప్పుతున్నాననీ చెప్పి వదిన ఒళ్ళో పెట్టింది.

కవరు గోందుతో అంటించి లేదు. నీలం దారంతో కుట్టి ఉంది.

టైలరమ్మ ఆ కుట్ల మీద వేలు వేసింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ముడి లోపల వేయాల్సింది పోయి పైన వేసి ఉంది. పెళ్ళైన కొత్తలో గుండీ కుట్టడం నేర్పితే ఆయన ముడి ఎప్పుడూ పైనే వేసేవాడు. లోపల వేస్తే కనిపించదు కదా, కనిపించని ముడిని ఎలా నమ్మడం అనేవాడు. లోకంలో ఇంత అధ్వాన్నంగా కుట్టే మనిషి ఇంకొకడు లేడు.

ఆయనే.

కింద చప్పట్లు. కోటాయన వేదికెక్కుతున్నాడు. పక్కన బల్ల మీద సంతకాల పుస్తకం, పూలగుత్తి. మూడు యాభై ఎనిమిది.

మైకాయన మెల్లగా అన్నాడు. “ఏం చేయమంటారమ్మా? ఆ మైకు నా చేతి కింద ఉంది.”

కవరు విప్పడానికి కనీసం రెండు నిమిషాలు కావాలి. ఈలోగా ఆ మనిషి ప్రకటన చదివేస్తాడు. చదివాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. భర్త ఏమనుకుని ఇదంతా చేశాడో ఆమెకు తెలియదు. తెలిసింది ఒక్కటే. చూపు లేని పిల్లల చేతిలోంచి పలక లాక్కోవడం ఆ మనిషి చేసే పని కాదు. ఏదో పొరపాటు జరిగింది. లేదా ఈ పిల్ల తప్పుగా విన్నది.

“ఆపండి,” అంది.

మైకాయన మీట కిందికి లాగాడు.

కోటాయన నోరు కదులుతోంది. మాట రావడం లేదు. మైకు తట్టాడు. ఊదాడు. మూడు వందల తలలు ఒక్కొక్కటిగా గాజు గది వైపు తిరిగాయి. ఇద్దరు వాలంటీర్లు వెనక్కి పరిగెత్తుకొస్తున్నారు. ఆడపడుచు వెళ్ళి తలుపుకు వీపు ఆనించి నిలబడింది, ఎవరూ చెప్పకుండానే.

టైలరమ్మ సంచిలోంచి చిన్న కత్తెర తీసింది. ముడి దగ్గర ఒక్కటి కత్తిరించింది. నీలం దారం మొత్తం ఊడి వచ్చింది. పైన వేసిన ముడి మరి.

లోపల మందపాటి కాగితం ఒకటే ఉంది. తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు. వెనక్కి తిప్పింది. అటూ తెల్లగానే ఉంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అప్పుడు కనిపించాయి. వరసలు వరసలుగా సన్నటి బొడిపెలు. బ్రెయిలీ.

ఆమె పేరున రాసి, ఆమె చదవలేని అక్షరాల్లో రాశాడు. ఆడపడుచూ చదవలేదు. ఈ ఉత్తరం చదవాలంటే టైలరమ్మ ఈ మెట్లెక్కాలి, ఈ మనిషిని వెతుక్కోవాలి. భర్త పన్నిన పన్నాగం ఆమెకు అప్పుడు సగం అర్థమైంది. కాగితాన్ని మైకాయన చేతుల్లో పెట్టింది.

“మీకు కూడా రాశాడు అన్నయ్యా.”

తలుపు మీద దబదబ బాదుతున్నారు. మైకాయన వేళ్ళు మొదటి వరస మీద నడిచాయి. పెదవుల మీద చిన్న నవ్వు. రెండో వరస. నవ్వు అలాగే ఉంది. మూడో వరస సగంలో వేళ్ళు ఆగాయి. వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ అదే చోటుకు వచ్చాయి.

కాగితం బల్ల మీద పెట్టాడు.

“అమ్మా, మైకు తిరిగి వేయాలి,” అన్నాడు. “ఇప్పుడే. వేదిక మీదాయన్ని ఆ ప్రకటన మొత్తం చదవనివ్వాలి. ఆపామో, మాస్టారు పది నెలలు ఆగమన్నది దేనికో అది పోతుంది.”

అతని చెయ్యి మీట కోసం చాచుకుంది. దాని మీద అప్పటికే టైలరమ్మ చెయ్యి ఉంది.